ఈజిప్టుకు ఏ నెలలో వెళ్తే మంచిది? 2026 అక్టోబరా, 2027 ఫిబ్రవరా?

నదీయాత్ర:

నమస్కారం. ఈజిప్టుకు 10 రోజులు ప్లాన్ చేస్తున్నాం. నేను, మా ఆవిడ, 60 దాటిన మా అమ్మానాన్న. కైరో, లక్సర్-అస్వాన్ నైలు క్రూజ్, అబూ సింబెల్ రాతిగుడి, ఆఖర్లో ఎర్ర సముద్రం ఒడ్డున హుర్గాదాలో మూడు రోజులు సముద్రం. అమ్మకి ఎండ పడదు, నాన్నకి మెట్లు కష్టం. అబూ సింబెల్ గర్భగుడిలోకి సూర్యకిరణాలు పడే రోజు, అంటే ఫిబ్రవరి 22 గానీ అక్టోబర్ 22 గానీ కుదిరితే బాగుంటుందని ఆశ. చలికాలమే మంచిదని కొందరు, చలికాలంలో సముద్రంలో దిగలేరని కొందరు అంటున్నారు. ఏ నెల ఎంచుకోవాలి, ఎందుకో కూడా చెప్పండి.

ఎడారిబాట:

మీ లిస్టులో మూడు రకాల వాతావరణాలున్నాయండీ. కైరో ఒకటి, దక్షిణాన లక్సర్, అస్వాన్ ఇంకొకటి, ఎర్ర సముద్రం మూడోది. అమ్మగారికి ఎండ పడదన్నారు కాబట్టి ముందు దక్షిణం సంగతే చూడాలి.

లక్సర్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 41 డిగ్రీలు మామూలు. సెప్టెంబర్లో కూడా 39 దగ్గరే. అక్టోబర్ సగటు 35, అంటే నెల మొదట్లో ఇంకా ఎక్కువ, నెలాఖరుకి కాస్త తక్కువ. నవంబర్‌కి 29కి దిగుతుంది. డిసెంబర్, జనవరుల్లో 23, 24 ఉంటుంది గానీ రాత్రి 6, 7కి పడిపోతుంది. అస్వాన్‌లో కూడా పగటి ఎండ దాదాపు ఇంతే అనుకోండి. గాలిలో తేమ ఉండదు కాబట్టి చెమట పట్టినట్టే తెలియదు, ఒంట్లో నీళ్లు మాత్రం పోతూనే ఉంటాయి. పెద్దవాళ్లకి కళ్లు తిరిగేది ఎక్కువగా ఇందుకే.

మార్చి రెండో సగం నుంచి మే దాకా వద్దు. సగటు ఉష్ణోగ్రత చూస్తే బాగానే కనిపిస్తుంది, కానీ ఆ రోజుల్లో ఖమ్సీన్ గాలులు వస్తాయి. మధ్యధరా తీరం వెంట అల్పపీడనం తూర్పుకి కదులుతుంటే, దాని ముందు సహారా వేడిగాలి ఇసుకతో సహా ఉత్తరానికి ఎగదన్నుతుంది. కొన్ని గంటల్లోనే 10, 15 డిగ్రీలు పెరిగిపోవచ్చు. ఒకటి రెండు రోజులుండి పోతుంది, కానీ ఆ రెండు రోజుల్లో లక్సర్‌లో టూరిస్టుల్ని ఎక్కించుకునే వేడిగాలి బెలూన్లు ఎగరవు, విమానాలు ఆలస్యమవుతాయి, కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోలేరు. తప్పనిసరై ఆ నెలల్లోనే వెళ్లేవాళ్లు వారం ముందు నుంచి ఫోర్‌కాస్ట్ చూడాలి. ఒక రోజు ఉష్ణోగ్రత అమాంతం పెరిగి మర్నాడు అంతే వేగంగా పడిపోతున్నట్టుంటే అదే ఖమ్సీన్. ఆ రోజుని కైరో దగ్గరి గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియంకి కేటాయించండి.

2027 ఫిబ్రవరికి ఇంకో చిక్కుంది. ఆ ఏడాది రంజాన్ సుమారు ఫిబ్రవరి 8 నుంచి మార్చి 9 వరకు, నెలవంకని బట్టి ఒక రోజు అటూ ఇటూ. రంజాన్‌లో వెళ్లకూడదని కాదు. రద్దీ తక్కువ, కైరో రాత్రిళ్లు కళకళలాడుతుంది. కానీ దర్శనీయ స్థలాలు త్వరగా మూసేస్తారు, టూరిస్టులు తిరగని వీధుల్లో పగలు హోటళ్లు తెరవరు, ఇఫ్తార్ ముందు గంట కైరో రోడ్ల మీద కారు కదలదు. పగటి వేళలు తగ్గితే ఎండ తప్పించుకుంటూ నెమ్మదిగా తిరిగే మీలాంటి వాళ్లకే నష్టం.

నా ఓటు నవంబర్ 5 నుంచి 25 మధ్య. డిసెంబర్ 20 నుంచి జనవరి మొదటి వారం దాకా క్రూజ్ రేట్లు ఏడాదంతటిలోకీ ఎక్కువ, గుడులు కిక్కిరిసి ఉంటాయి. ఆ పక్షం రోజులు వదిలేయండి.

నదీయాత్ర:

చాలా వివరంగా చెప్పారు, థాంక్స్ అండీ. నవంబర్ అంటే సూర్యకిరణాల సంగతి వదులుకోవాల్సిందేనా?

రాతిగుడి:

ఆ ఒక్కదానికోసం అక్టోబర్ 22కి వెళ్లాలా అంటే, మీ అమ్మానాన్నలతో వద్దనే అంటాను. అక్కడ జరిగేదేంటో చెప్తాను.

సూర్యోదయం అయిన కాసేపటికి కిరణాలు 60 మీటర్ల పైచిలుకు లోపలికి వెళ్లి గర్భగుడిలో నాలుగు విగ్రహాల మీద పడతాయి. దేవుళ్లు అమున్-రా, రా-హొరాఖ్తీ, గుడి కట్టించిన రాజు రామ్సెస్ 2 వెలుగుతారు, పాతాళానికి సంబంధించిన దేవుడు ప్తాహ్ మాత్రం చీకట్లోనే ఉంటాడు. మొత్తం 20 నిమిషాల వ్యవహారం. దానికోసం వేల మంది అర్ధరాత్రి దాటినప్పటి నుంచే క్యూ కడతారు. లోపల నిలబడనివ్వరు, లైను కదులుతూనే ఉండాలి, మీకు దొరికేది కొన్ని సెకన్లు. 2026లో ఆ రోజు గురువారం, అక్కడ శుక్ర శనివారాలు సెలవు, కాబట్టి స్థానికులూ ఎక్కువే వస్తారు.

అంతగా మనసుంటే 21న గానీ 23న గానీ వెళ్లండి. సూర్యుడు ఉదయించే చోటు ఒక్క రోజులో చాలా కొద్దిగానే జరుగుతుంది కాబట్టి ముందు రోజూ మర్నాడూ కూడా వెలుగు లోపలిదాకా వస్తుంది. జనం మాత్రం చాలా తక్కువ. అయితే ముందు రాత్రి అబూ సింబెల్ ఊళ్లోనే ఉండాలి. అస్వాన్ నుంచి దాదాపు 280 కిలోమీటర్లు, మూడున్నర గంటలు. తెల్లవారుజామున బయల్దేరితే మీరు చేరేసరికి అంతా అయిపోతుంది.

ఇంకొకటి. 2026లో గడియారాలు అక్టోబర్ 29 గురువారం అర్ధరాత్రి ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఆ వారంలో ప్రయాణమైతే విమానం, క్రూజ్ టైములు మళ్లీ ఒకసారి సరిచూసుకోండి.

పగడపుదిబ్బ:

సముద్రం గురించి నేను చెప్తాను. హుర్గాదాలో నీళ్లు ఆగస్టులో 28, 29 డిగ్రీలు. అక్టోబర్లో 27, నవంబర్లో 25 పైన, ఫిబ్రవరిలో 21, 22. సముద్రం నెమ్మదిగా చల్లారుతుంది కాబట్టి నేల మీద ఎండ తగ్గిన నవంబర్లో కూడా నీళ్లలో వెచ్చదనం మిగిలే ఉంటుంది. ఇసుక కాలదు, నీళ్లు వణికించవు.

ఫిబ్రవరిలో ఈతకి అడ్డు నీళ్ల కంటే గాలే. ఉత్తరం నుంచి వీస్తుంది. తడి ఒంటితో పడవ మీదికెక్కి అయిదు నిమిషాలు కూర్చుంటే పళ్లు టకటకలాడతాయి. ఆ నెలల్లో స్నార్కెలింగ్‌కి, అంటే గొట్టంతో గాలి పీలుస్తూ నీటి కింద చూస్తూ ఈదడానికి, 5 మిల్లీమీటర్ల మందం వెట్‌సూట్ (చలి ఆపే ఈత దుస్తులు) కావాలి, నవంబర్లో 3 చాలు. హోటల్ బుక్ చేసేటప్పుడు ఉత్తరం వైపు గాలికి అడ్డు ఉన్న బీచో కాదో మ్యాపులో చూడండి. పడవ ట్రిప్పు మొదటి రోజే పెట్టుకోండి. గాలి ఎక్కువైతే పడవలని వదలరు, అప్పుడు మిగతా రెండు రోజుల్లో ఒకటి వాడుకోవచ్చు. ఆఖరి రోజుకి పెట్టుకుని గాలి లేస్తే ఇక చేసేదేం లేదు.

సమాధుల లోయ:

నెల సరిగ్గా ఎంచుకున్నా గంట తప్పితే లాభం లేదు. లక్సర్‌లో రాజుల సమాధులుండే వ్యాలీ ఆఫ్ ద కింగ్స్ చుట్టూ సున్నపురాయి కొండలు, నీడ లేదు, పది దాటాక గోడల నుంచి వేడి తిరిగి ముఖానికి కొడుతుంది. 6 గంటలకి తెరుస్తారు, 6:30కల్లా గేటు దగ్గరుండండి. మామూలు టికెట్టు మీద మూడు సమాధులు చూడొచ్చు. నాన్నగారికి రామ్సెస్ 4 సమాధి బాగుంటుంది, దారి దాదాపు తిన్నగా, వాలుగా ఉంటుంది. తుత్మోస్ 3 సమాధికి నిటారు మెట్లు, ఆయనకి వద్దు. సమాధుల లోపల గాలి ఆడదు, జనం ఊపిరితో ఉక్కగా ఉంటుంది. స్వెట్టర్ బయటే విప్పేయండి. ఒక్కొక్కరికీ ఉదయం పూటకే లీటరున్నర నీళ్లు ఉంచుకోండి. ప్రధాన స్థలాల్లో టికెట్లకి నగదు తీసుకోరు, కార్డు ఉండాలి.

నవంబర్లో సాయంత్రం 5 గంటలకే పొద్దు వాలిపోతుంది. దానికి బాధపడనక్కర్లేదు. లక్సర్ ఆలయం రాత్రి కూడా తెరిచే ఉంటుంది, దీపాల వెలుగులో అమ్మగారు హాయిగా చూడొచ్చు.

క్రూజ్ దిశ కూడా మార్చండి. లక్సర్ నుంచి మొదలుపెడితే అస్వాన్‌లో తేలతారు, హుర్గాదాకి మళ్లీ వెనక్కి రావాలి. కైరోలో రెండు రాత్రులుండి అస్వాన్‌కి విమానంలో వెళ్లండి. అక్కడ ఒక రాత్రి, మర్నాడు చీకటితోనే లేచి అబూ సింబెల్ చూసుకుని మధ్యాహ్నం క్రూజ్ ఎక్కడం, మూడు రాత్రుల్లో లక్సర్. అక్కడి నుంచి హుర్గాదా కారులో నాలుగు గంటలు, మూడు రాత్రులు, తిరిగి విమానంలో కైరో. తొమ్మిది రాత్రులు సరిపోయాయి. అబూ సింబెల్ రోజున క్రూజ్ ఎన్ని గంటలకి కదులుతుందో బుక్ చేసే ముందే అడగండి. మధ్యాహ్నం ఒంటి గంటకే కదిలేవి కొన్నుంటాయి, అవి మీకు అందవు.