పేజ్‌మేకర్ ఉన్న ఎక్స్‌పీ సిస్టమ్‌లోని ఫోల్డర్ విండోస్ 11లో తెరుచుకోవడం లేదు

అచ్చుపని_తెనాలి | శనివారం, ఉదయం 10:12

మాది చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్. పేజీలు కంపోజ్ చేసే పేజ్‌మేకర్ 7, తెలుగు అను ఫాంట్లు ఉన్న విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్ సిస్టమ్ మీదే ఇన్నేళ్లూ పని నడిచింది. పోయిన వారం కౌంటర్ దగ్గరకు విండోస్ 11 ప్రో ల్యాప్‌టాప్ కొన్నాం. ప్రూఫ్ పీడీఎఫ్‌లు ఎక్స్‌పీలో ‘పనులు’ అనే ఫోల్డర్‌లో పడతాయి. వాటిని ల్యాప్‌టాప్‌లో తెరిచి వాట్సాప్‌లో పార్టీకి పంపాలి. పాత విండోస్ 7 సిస్టమ్ నుంచి ఆ ఫోల్డర్ ఇప్పటికీ తెరుచుకుంటోంది. 11లో మాత్రం ఎక్స్‌పీ పేరే కనబడదు. ఐపీ నంబర్ కొడితే కాసేపు తిరిగి, చివర 80070035 అనే ఎర్రర్ ఇస్తోంది. పింగ్ వస్తోంది. ఫైర్‌వాల్ రెండువైపులా ఆపి చూశాను, ఫలితం లేదు.

రెండో ప్రశ్న, ఎక్స్‌పీకి తగిలించిన లేజర్ ప్రింటర్‌ను ల్యాప్‌టాప్ నుంచి వాడుకునే వీలుందా? మూడోది, ఆ విండోస్ 7 సిస్టమ్‌ను మధ్యవర్తిగా పెట్టుకోవచ్చా?

శ్రావణ మాసం శుభలేఖలు మొదలయ్యాయి. పెన్‌డ్రైవ్ పట్టుకుని రోజుకు నలభై సార్లు లేవలేకపోతున్నాను. తెలిసినవారు చెప్పండి.

ఫ్లెక్స్_కర్నూలు | 10:31

అన్నా, ఇదే బాధ నేను రెండు నెలలు పడ్డాను. కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ ఫీచర్ల జాబితా తెరవండి. అందులో ఎస్‌ఎంబీ 1.0 అని ఒక వరస ఉంటుంది, నెట్‌వర్క్‌లో ఫోల్డర్లు పంచుకోవడానికి సిస్టములు మాట్లాడుకునే పాత భాష అది. దానికి టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి. ఎక్స్‌పీకి ఆ పాత భాష ఒక్కటే వచ్చు, 11లో దాన్ని మొదటినుంచే తీసేసి ఇస్తున్నారు.

కానీ ఒక మాట. నేను టిక్ పెట్టాక చక్కగా పనిచేసింది. ఆషాఢమంతా శుభలేఖల పని లేదు, ఎక్స్‌పీ జోలికే పోలేదు. శ్రావణం రాగానే తెరిస్తే మళ్లీ అదే ఎర్రర్! టిక్ దానంతట అదే పోయింది. కేబుల్ మార్చాను, స్విచ్ మార్చాను, ఒక రోజు పని పోయింది. తర్వాత తెలిసింది ఏమిటంటే, ఆ వరస పక్కన ప్లస్ గుర్తు నొక్కితే లోపల మూడు ఉంటాయి. అందులో ఆటోమేటిక్ రిమూవల్ అన్నది పదిహేను రోజులు వాడకపోతే మొత్తం తీసేస్తుంది. సిస్టమ్ ఆపి ఉంచిన రోజులు లెక్కలోకి రావు. ఆ ఒక్కదానికి టిక్ తీసేయండి.

యూనికోడ్_బాట | 11:05

మూల సమస్య నెట్‌వర్క్ కాదు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. ఇంకా దాన్ని పట్టుకుని వేలాడడం దేనికి? ఇన్‌డిజైన్‌కు మారండి, యూనికోడ్‌లో టైపు చేయండి. అను ఫాంటులో కొట్టిన పేజీని ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే అర్థం లేని ఇంగ్లిషు గుర్తులు వస్తాయి. అందులో ఒక పేరు వెతకాలన్నా కుదరదు. ఇరవై ఏళ్లుగా తెలుగు అచ్చులో ఎంత మంచి రాత ఇలా సమాధి అయిందో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

డీటీపీ_భీమవరం | 11:22

యూనికోడ్ గారూ, ఆయన అడిగింది ఫోల్డర్ గురించి. మీరు ఉపన్యాసం ఇచ్చారు.

పద్దెనిమిదేళ్లుగా అను కీబోర్డు మీద కొడుతున్నాను. నా వేళ్లకు తెలిసిన దారి అది. ముహూర్తం రేపు అంటూ రాత్రి తొమ్మిదింటికి పార్టీ వచ్చి కూర్చుంటే, గంటలో కార్డు కంపోజ్ చేసి ప్లేటుకు పంపాలి. ఇన్‌డిజైన్‌కు ప్రతి సంవత్సరం కట్టే చందా మాలాంటి షాపు ఎక్కడినుంచి తేవాలి? పాత శుభలేఖల ఫైళ్లే మా దగ్గర వేలల్లో ఉన్నాయి. అక్క కార్డు చూపించి చెల్లెలికి అలాగే కావాలంటారు. అవన్నీ మీరు మార్చి పెడతారా?

యూనికోడ్_బాట | 11:40

మార్చే కన్వర్టర్లు ఉన్నాయండీ. చందా లేని స్క్రైబస్ ఉంది. సిలికానాంధ్ర విడుదల చేసిన యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. అలవాటు మార్చుకోవడానికి నెల పడుతుంది, అంతే.

డీటీపీ_భీమవరం | 11:52

కన్వర్టర్ సంగతి నాకు చెప్పకండి. పోయిన ఏడాది ఒక దేవస్థానం కరపత్రం కన్వర్టర్‌లో వేశాను. ‘లక్ష్మీ’లో మ ఒత్తు ఎగిరిపోయి ‘లక్షీ’ అయింది. మూడు వేల కాపీలు అచ్చయ్యాక పూజారి గారు చూశారు. ఆ కాగితం డబ్బు నా చేతి నుంచి పెట్టుకున్నాను. నెల పడుతుంది అని చెప్పడం మీకు తేలిక.

హార్డ్‌వేర్_22ఏళ్లు | 12:15

ఇరవై రెండేళ్ల నుంచి ఈ వృత్తిలో ఉన్నాను. మా జిల్లాలో సగం ప్రెస్సుల నెట్‌వర్క్ నా చేతి మీదుగా వెళ్లింది. ఫ్లెక్స్ తమ్ముడు చెప్పిన టిక్ అవసరమే లేదు. ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 3 వేయండి, ఎస్‌ఎంబీ2 వచ్చేస్తుంది. అందరూ ప్యాక్ 2 మీద కూర్చుని కంప్లయింట్ చేస్తారు.

పెంగ్విన్_వరంగల్ | 12:28

తప్పు. ఎస్‌ఎంబీ2 విస్టాతో మొదలైంది. ఎక్స్‌పీకి ఏ సర్వీస్ ప్యాక్ వేసినా రాదు. విండోస్ 7కు 2.1, విండోస్ 8కి 3.0, విండోస్ 10కి 3.1.1. అందుకే అచ్చుపని గారి విండోస్ 7 రెండు వైపులా మాట్లాడగలుగుతోంది, పాతదీ వచ్చు కొత్తదీ వచ్చు. ఇరవై రెండేళ్లని చెప్పి తప్పు దారి చూపిస్తే, ఆయన ఈ సాయంత్రమంతా ప్యాక్ 3 వెతుక్కుంటూ కూర్చుంటారు.

హార్డ్‌వేర్_22ఏళ్లు | 12:41

మర్యాదగా మాట్లాడండి. మీరు లైనక్స్ పుస్తకం తిరగేసే రోజులకే నేను కోయాక్సియల్ కేబుల్‌కు టెర్మినేటర్లు బిగించేవాడిని.

పెంగ్విన్_వరంగల్ | 12:44

కేబుల్ గురించి నేనేమీ అనలేదు. సర్వీస్ ప్యాక్ 3 గురించి అన్నాను.

మిల్లు_లెక్కలు | మధ్యాహ్నం 1:10

అందరూ టిక్ పెట్టమంటున్నారు కాబట్టి నా సంగతి చెప్పాలి. మాది రైస్ మిల్లు. 2017 మే నెలలో మా ఆఫీసులో నాలుగు సిస్టములు ఒకే మధ్యాహ్నం పోయాయి. ఎర్రటి కిటికీ, ఎడమవైపు తగ్గిపోతున్న గడియారం, 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమని. ధాన్యం కొనుగోలు లెక్కలు, లారీల వేబిల్లులు, రైతుల ఖాతాలు, ప్రతి ఫైలు పేరు చివరా అర్థం కాని నాలుగైదు అక్షరాలు. బ్యాకప్ డిస్క్ కూడా ఆ పూట తగిలించే ఉంది, అదీ పోయింది. రైతులను పిలిచి, వారి దగ్గరున్న చీటీలు చూసి లెక్క తిరిగి రాసుకున్నాం. మా నాన్నగారు ఆ నెల రోజులు సరిగా నిద్రపోలేదు. అది వచ్చింది ఈ ఎస్‌ఎంబీ1 దారినే. దయచేసి ఆ తలుపు తెరవకండి.

ఫ్లెక్స్_కర్నూలు | 1:19

అన్నా, మీ నష్టం విని బాధేసింది. కానీ మా షాపులో పదేళ్లుగా ఎక్స్‌పీ నడుస్తోంది, ఏమీ కాలేదు. ఫ్లెక్స్ మెషిన్‌తో వచ్చిన రిప్ సాఫ్ట్‌వేర్ (డిజైన్‌ను మెషిన్ అచ్చువేసేలా మార్చేది) దాని మీదే పనిచేస్తుంది. దాన్ని మార్చాలంటే మెషిన్ మార్చాలి. మెషిన్ మార్చాలంటే అప్పు చేయాలి. తలుపు తెరవద్దని చెప్పేవారు ఆ వాయిదా కూడా కట్టరు కదా.

మిల్లు_లెక్కలు | 1:23

మాకూ ఆ రోజు వరకు ఏమీ కాలేదు.

హార్డ్‌వేర్_22ఏళ్లు | 1:50

సర్వీస్ ప్యాక్ విషయంలో పొరపాటు నాదే, చూసుకున్నాను. పెంగ్విన్ తమ్ముడు చెప్పింది సరి.

మిల్లు వారికి ఒక మాట. మీ సిస్టములను పోగొట్టిన ఆ వానాక్రై వైరస్ దాడిలో ఎక్కువగా పడిపోయినవి విండోస్ 7 సిస్టములు. మరమ్మతు 2017 మార్చి 14నే వచ్చింది, దాడి మే 12న. ఆ రెండు నెలల్లో అప్‌డేట్ వేసుకోని చోటల్లా దెబ్బ తగిలింది. ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ఆ తర్వాత విడిగా మరమ్మతు ఇచ్చింది, ఇప్పటికీ వేసుకోనివారు వేసుకోవాలి.

అచ్చుపని గారూ, ఇది జాగ్రత్తగా చదవండి. ఎస్‌ఎంబీ1 లోపల క్లయింట్, సర్వర్ అని రెండు ఉంటాయి. ల్యాప్‌టాప్ వెళ్లి ఎక్స్‌పీ ఫోల్డర్ తెరవాలంటే ల్యాప్‌టాప్‌లో క్లయింట్ ఒక్కటి చాలు. సర్వర్‌కు టిక్ పెట్టారంటే మీ కొత్త ల్యాప్‌టాప్ కూడా ఆ పాత దారిలో బయటివారికి తలుపు తీస్తుంది. కాబట్టి ఎప్పుడూ కొత్తది పాతదాని దగ్గరకు వెళ్లాలి, పాతది కొత్తదాని దగ్గరకు రాకూడదు. ఇంకొకటి, ఎక్స్‌పీ నెట్‌వర్క్ సెట్టింగులో ఐపీ చేత్తో రాసి, గేట్‌వే గడి ఖాళీగా వదిలేయండి. షాపులోని సిస్టములతో మాట్లాడుతుంది, ఇంటర్నెట్‌కు మాత్రం వెళ్లలేకపోతుంది.

పెంగ్విన్_వరంగల్ | 2:02

ఈ గేట్‌వే మాట బంగారం అన్నా. ఇంతకుముందు నేను కటువుగా రాశాను, మనసులో పెట్టుకోకండి.

నా సలహా మాత్రం వేరు. మూల పడేసిన పాత డెస్క్‌టాప్ ఒకటి తీసి లైనక్స్, దాని మీద విండోస్ సిస్టములతో ఫోల్డర్లు పంచుకునే సాంబా సాఫ్ట్‌వేర్ వేసి మధ్యలో పెట్టండి. సాంబా 4.11 నుంచి, అంటే 2019 నుంచి, ఎస్‌ఎంబీ1 మూసే వస్తుంది. సెట్టింగ్ ఫైలులో కనీస ప్రోటోకాల్‌ను ఎన్‌టీ1 (అక్కడ ఎస్‌ఎంబీ1కి పేరు) అని రాస్తే ఎక్స్‌పీ పాత భాషలో, ల్యాప్‌టాప్ కొత్త భాషలో అదే ఫోల్డర్ తెరుస్తాయి. ల్యాప్‌టాప్‌లో ఏ టిక్కూ అక్కరలేదు. ఎక్స్‌పీ లోకల్ సెక్యూరిటీ పాలసీలో లాన్ మేనేజర్ స్థాయిని, అంటే పాస్‌వర్డ్ రుజువు పంపే పద్ధతిని, ఎన్‌టీఎల్‌ఎం వెర్షన్ 2 మాత్రమే పంపేలా మార్చాలి, లేకపోతే పాస్‌వర్డ్ సరిగా కొట్టినా సాంబా ఒప్పుకోదు. మీ మూడో ప్రశ్నకూ ఇదే జవాబు. విండోస్ 7ను మధ్యలో పెట్టడం కుదురుతుంది కానీ దానికీ 2020 జనవరితో అప్‌డేట్లు ఆగిపోయాయి.

అచ్చుపని_తెనాలి | 4:35

అందరికీ నమస్కారం. క్లయింట్‌కు మాత్రం టిక్ పెట్టాను, ఆటోమేటిక్ రిమూవల్ తీసేశాను. ఇప్పుడు ఎర్రర్ మారింది, యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతోంది. ఎక్స్‌పీకి అసలు పాస్‌వర్డే లేదు. ఖాళీగా ఓకే కొడితే మళ్లీ అడుగుతోంది.

హార్డ్‌వేర్_22ఏళ్లు | 4:48

పాస్‌వర్డ్ లేని ఖాతాతో నెట్‌వర్క్ నుంచి రానివ్వదు, అది ఎక్స్‌పీ నియమమే. కొత్త యూజర్ ఒకటి పెట్టి పాస్‌వర్డ్ ఇవ్వండి. ఫోల్డర్ ఆప్షన్స్‌లో వ్యూ జాబితా చిట్టచివర సింపుల్ ఫైల్ షేరింగ్ ఉంటుంది, దాని టిక్ తీయండి. అది ఉన్నంతకాలం ఎవరొచ్చినా గెస్ట్‌గానే లెక్క. మీ 11 ప్రోలో 24హెచ్2 అనే వెర్షన్ ఉంటే గెస్ట్‌ను ఒప్పుకోదు.

ఆ 24హెచ్2 డిజిటల్ సంతకం కూడా అడుగుతుంది, అంటే వచ్చే డేటాను మధ్యలో ఎవరూ మార్చలేదనే గుర్తు. ఎక్స్‌పీ లోకల్ సెక్యూరిటీ పాలసీలో నెట్‌వర్క్ సర్వర్ డిజిటల్ సంతకం గురించి రెండు వరసలుంటాయి. క్లయింట్ ఒప్పుకుంటే అన్న వరసను ఎనేబుల్ చేయండి. తప్పనిసరి అన్నదాన్ని ముట్టుకోకండి.

డీటీపీ_భీమవరం | 5:02

అన్నగారూ, తేదీ చూసుకోండి! మా ఎక్స్‌పీ మదర్‌బోర్డు మీద బ్యాటరీ అయిపోయి, పవర్ పోయిన ప్రతిసారీ 2002 జనవరి 1కి వెళ్లిపోయేది. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా లోపలికి రానివ్వలేదు. పాస్‌వర్డ్ నాలుగుసార్లు మార్చాను. చివరికి మూలనున్న గడియారం చూసి తేదీ సరిచేస్తే వెంటనే తెరుచుకుంది. వాచీల కొట్టులో దొరికే రూపాయి బిళ్లంత బ్యాటరీయే, సీఆర్2032.

యూనికోడ్_బాట | 5:20

భీమవరం గారూ, పొద్దున నేను మాట తొందరపడ్డాను. ‘లక్ష్మీ’ ఒత్తు పోయిన కన్వర్టర్ ఏదో చెబితే నేను పరీక్షిస్తాను. క్ష కింద ఇంకో ఒత్తు వచ్చేచోట చాలా కన్వర్టర్లు తడబడతాయి. అలాంటి మాటల జాబితా ఒకటి తయారుచేసుకున్నాను, మార్చిన ప్రతి ఫైలులో వాటిని వెతికి చూస్తాను. కావాలంటే పంపుతాను.

డీటీపీ_భీమవరం | 5:31

పంపండి. ఇన్‌డిజైన్‌కు మారతానని మాత్రం అనుకోకండి.

అచ్చుపని_తెనాలి | రాత్రి 8:55

తెరుచుకుంది! ఎక్స్‌పీ తేదీ 2002 చూపించింది, భీమవరం అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. బ్యాటరీ మార్చాను, యూజర్ పెట్టాను, సంతకం వరస ఎనేబుల్ చేశాను, గేట్‌వే ఖాళీ చేశాను. ‘పనులు’ ఫోల్డర్‌ను ల్యాప్‌టాప్‌లో జెడ్ డ్రైవ్‌గా పెట్టుకున్నాను. ఇందాకే ఒక ప్రూఫ్ కుర్చీలోంచి లేవకుండా పంపాను. పెంగ్విన్ గారి లైనక్స్ పెట్టె దసరా తర్వాత తప్పకుండా పెడతాను, మిల్లు గారి మాట మనసులోనే ఉంది. అప్పటిదాకా రోజూ రాత్రి ‘పనులు’ ఫోల్డర్‌ను వేరే డిస్క్‌లోకి ఎక్కించి, డిస్క్ ఊడదీసి బీరువాలో పెడుతున్నాను.

నెట్‌వర్క్ కిటికీలో ఎక్స్‌పీ పేరు మాత్రం ఇప్పటికీ కనబడటం లేదు.

హార్డ్‌వేర్_22ఏళ్లు | 9:04

కనబడదు, వదిలేయండి. పాత పేర్ల జాబితా కూడా ఎస్‌ఎంబీ1తోపాటే పోయింది, ఇప్పుడు వాడే కొత్త పద్ధతి ఎక్స్‌పీకి తెలియదు. ఐపీతో మ్యాప్ చేసుకున్నారు కదా, అదే నమ్మకమైన దారి. ఆ ఐపీ మారకుండా చూసుకోండి.

ఫ్లెక్స్_కర్నూలు | 9:16

అన్నా, ప్రింటర్ గురించి అడిగారు, ఎవరూ చెప్పలేదు. నాకూ అదే కావాలి. మా ప్రింటర్‌కు 64 బిట్ డ్రైవర్ దొరకడం లేదు. ఎవరైనా ఎక్కించినవారు ఉన్నారా?