మ్యూజియంలో ర్యాంపు అయిపోయింది, ఇక లోపల ఏం మార్చాలి?

గ్యాలరీ_కొత్త: చిన్న మ్యూజియం, నిధులు తక్కువ. అందరికీ వీలుగా ఉండాలంటే లోపల ముందు ఏం చేయాలి?

కొలటేపు: ముందు ఆ ర్యాంపునే కొలవండి. 1:12 వాలు అంటే 15 సెం.మీ. ఎత్తున్న గుమ్మానికి 180 సెం.మీ. పొడవు ర్యాంపు. ఎత్తు 76 సెం.మీ. దాటితే మధ్యలో ఒకటిన్నర మీటరు చదును ఉండాలి. తలుపు దగ్గర కూడా అంతే చదును కావాలి, లేకపోతే తలుపు లాగేటప్పుడు చక్రాల కుర్చీ వెనక్కి జారుతుంది. తర్వాత మీరే కుర్చీలో కూర్చుని ఒక్కో అద్దాల పెట్టెలోకి చూడండి. చిన్న వస్తువులు నేల నుంచి మీటరు ఎత్తులో ఉంటే కూర్చున్నవాళ్లకీ నిలబడ్డవాళ్లకీ కనిపిస్తాయి.

తెల్లకర్ర: గోడ పెట్టెల సంగతి ఎవరూ పట్టించుకోరు. నేల నుంచి 68–203 సెం.మీ. మధ్య ఏదీ 10 సెం.మీ. మించి ముందుకు రాకూడదు. చూపులేనివాళ్ల కర్ర నేలనే తడుముతుంది. కింద ఖాళీగా ఉంటే దానికి ఏమీ తగలదు, పెట్టె అంచు మనిషికే తగులుతుంది. పెట్టె మార్చలేకపోతే దాని కింద చెక్క దిమ్మె బిగించండి. పూలకుండీ పెడితే లాభం లేదు, ఊడ్చేటప్పుడు జరిపేస్తారు.

దీపాల_లెక్క: అసలు చిక్కు వెలుతురుతోనే. బట్టలకీ కాగితానికీ 50 లక్స్ (వెలుతురు కొలత) మించకూడదు. ఆ మసకలో చిన్న అక్షరాలు కనబడవు. సందర్శకులు ఫిర్యాదు చేయగానే దీపం పెంచేస్తారు, వెలిసిన రంగు మళ్లీ రాదు. వస్తువు జోలికి పోకండి. లేబుల్‌ను పక్కకు జరిపి, దాని మీదే పడేలా మూత ఉన్న చిన్న దీపం పెట్టండి. అక్షరాలు కనీసం 24 పాయింట్లు. తెలుగుకు వరుసల మధ్య ఎడం కూడా పెంచాలి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. నిగనిగలాడే కాగితం వద్దు.

గ్యాలరీ_కొత్త: వినబడనివాళ్ల కోసం ఫైర్ అలారానికి ఫ్లాష్ దీపాలు పెడితే చాలా?

కొలటేపు: ఒకే గదిలో రెండు ఉంటే రెండూ ఒకేసారి వెలిగేలా కలపాలి. విడివిడిగా వెలిగితే మెరుపులు కలిసి సెకనుకు మూడు దాటవచ్చు, మూర్ఛ ఉన్నవాళ్లకు అది ప్రమాదం. మరుగుదొడ్లో కూడా ఒకటి తప్పనిసరి. అక్కడ మనిషి ఒంటరిగా ఉంటాడు, పక్కవాళ్లను చూసి తెలుసుకునే వీలుండదు.

తెల్లకర్ర: పై అంతస్తు ఉంటే ఇంకొకటి. మంటలప్పుడు లిఫ్ట్ వాడరు. నడవలేనివాళ్లను మెట్లు దించే కుర్చీ కొని అల్మరాలో పెట్టి తాళం వేయకండి. మెట్ల దగ్గరే గోడకు తగిలించి, ప్రతి షిఫ్టులో ఇద్దరి చేత ఖాళీ కుర్చీతో దించి చూపించండి.