అబ్బాయిలను బస్సెక్కించేసి అమ్మాయిలకు సదస్సు పెడితే ఎవరికి అవగాహన?

కాలవగట్టు | రాత్రి 8:10
మా అమ్మాయి కోనసీమలోనే ఒక కాలేజీలో ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతోంది. మొన్న గురువారం అక్కడ లైంగిక వేధింపుల మీద అవగాహన సదస్సు పెట్టారు. మూడింటికి మైకులో చెప్పారట, "అమ్మాయిలంతా సెమినార్ హాలుకి రావాలి, అబ్బాయిలు బస్సుల దగ్గరికి వెళ్ళిపోవచ్చు" అని. గంటసేపు చెప్పిందల్లా ఇదీ: చీకటి పడ్డాక ఒంటరిగా తిరగకండి, కొత్తవాళ్ళకి నంబరు ఇవ్వకండి, ఫొటోలు పెట్టకండి, ఫోన్లో పోలీసుల శక్తి యాప్ వేసుకోండి, ఆపదొస్తే 112కి చేయండి. ఆఖర్న సమోసా, టీ. అబ్బాయిలకి సమోసా కూడా లేదు, మాటా లేదు. వాళ్ళని కూడా కూర్చోబెట్టాలని తల్లిదండ్రుల తరఫున ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. ఏమంటారు?

విశ్రాంత_మాస్టారు | 8:31
అమ్మా, ముప్పై ఒక్క ఏళ్ళు పాఠం చెప్పినవాడిని. మా కాలేజీలో ఒకసారి ఇద్దరినీ కలిపే కూర్చోబెట్టాం. వెనక బెంచీల్లోంచి ఈలలు, దగ్గులు. వచ్చిన డాక్టరమ్మ పావుగంటకే మైకు కింద పెట్టేసి వెళ్ళిపోయింది. ఒక్క ఆడపిల్ల ప్రశ్న అడిగితే ఒట్టు. అందుకే విడిగా పెడతారు. ఇక బస్సులంటారా, రెండో ట్రిప్పుకి తిరిగి రావాలి కాబట్టి అబ్బాయిల్ని ముందు పంపి ఉంటారు. దానికి పెడర్థాలు తీయకండి.

వంతెన_రాజు | 8:35
మాస్టారూ, రెండో ట్రిప్పు ఎప్పుడో ఎత్తేశారండి. ఇప్పుడన్నీ ఒకేసారి 4:20కి.

విశ్రాంత_మాస్టారు | 8:38
రాజోలు వైపు ఇప్పటికీ రెండు ట్రిప్పులే.

వంతెన_రాజు | 8:39
మీరు చెప్పేది మలికిపురం రూటండి. రాజోలు కాదు.

కాలవగట్టు | 8:44
బాబూ, నేనడిగింది బస్సుల గురించి కాదు.

హాస్టల్_గది_14 | 8:52
నేను థర్డ్ ఇయర్, అబ్బాయినే. చేరినప్పుడు ర్యాగింగ్ మీద రెండు గంటలు క్లాసు పీకారు. నాతో ఒక అఫిడవిట్, మా నాన్నతో ఒక అఫిడవిట్ రాయించుకున్నారు. దీని మీద మూడేళ్ళలో ఒక్క ముక్క చెప్పలేదు. పోయిన ఫెస్ట్‌లో మా క్లాసమ్మాయి స్టేజి మెట్లు ఎక్కుతుంటే ఎవడో వెనకనుంచి ఫొటో తీసి హాస్టల్ గ్రూపులో పెట్టాడు. అరవైమంది ఉన్నారు గ్రూపులో. నవ్వే బొమ్మలు ఎన్ని వచ్చాయో లెక్కలేదు. తీసెయ్ రా అన్నవాడు లేడు. నేనూ అనలేదు. అది నేరమని అప్పుడు నాకు నిజంగా తెలీదు. సరదా అనుకున్నాను, కానీ ఆ అమ్మాయి మర్నాడు ల్యాబులో పక్కనుంటే తలెత్తలేకపోయాను.

నిజం_నిష్ఠూరం | 9:05
అందరూ అబ్బాయిలనే అంటారు. మా పిన్నికొడుకు భీమవరం వైపు ఒక కాలేజీలో చదివాడు. స్నేహితురాలే, ఏదో గొడవొచ్చి మెసేజ్‌లు చూపించి కంప్లయింట్ ఇచ్చింది. నెల్రోజులు కాలేజీకి రావద్దన్నారు. తర్వాత ఏమీ లేదని తేల్చారు. ఈలోగా క్యాంపస్ ఇంటర్వ్యూలు వచ్చి వెళ్ళిపోయాయి. వాడి నాలుగేళ్ళ చదువుకి ఎవరు జవాబు చెబుతారు? అవగాహన అంటే ఇది కూడా చెప్పాలి.

తణుకు_ప్లీడరు | 9:21
చెప్పాలి, కాదనను. పనిచేసేచోట ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపుల గురించిన 2013 చట్టంలోనే ఉంది, కావాలని అబద్ధపు ఫిర్యాదు ఇస్తే చర్య ఉంటుంది. అయితే రుజువు చేయలేకపోయినంత మాత్రాన అబద్ధమని అనకూడదని కూడా అక్కడే ఉంది. ఈ రెండో ముక్క ఎవరూ చదవరు.

కాలేజీలకైతే యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) నిబంధనలు వేరే ఉన్నాయి, 2016 మేలో గెజిట్‌లో వచ్చాయి. ప్రతి కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. సీనియర్ మహిళా అధ్యాపకురాలు అధ్యక్షురాలు, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్ళు, బయటినుంచి ఒకరు. విద్యార్థుల వ్యవహారమైతే విద్యార్థులు ఎన్నుకున్న ముగ్గురు విద్యార్థులు కూడా కూర్చోవాలి. డీన్లు, హెచ్‌ఓడీలు ఉండకూడదు. జరిగిన మూడు నెలల్లో రాసివ్వాలి, కారణముంటే మరో మూడు నెలలు పెంచుతారు. విచారణ 90 రోజుల్లో ముగించాలి.

ఇంటర్ కాలేజీల సంగతి వేరు. అక్కడ చాలామంది పిల్లలు 18 నిండనివాళ్ళు, పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, అదే పోక్సో, వర్తిస్తుంది. తెలిసి కూడా పోలీసులకి చెప్పకపోతే అదే నేరం, సంస్థ పెద్దకి ఏడాదిదాకా జైలు.

గాలివాన | 9:24
కమిటీలో ఎవరున్నారో మా కాలేజీ నోటీసు బోర్డు మీద పెట్టారు. బోర్డుకి అద్దం తలుపు, తాళం. తాళంచెవి గుమాస్తా దగ్గర. లోపల కాగితం 2019ది.

వంతెన_రాజు | 9:26
హహ. మాదీ అంతేనండి.

విశ్రాంత_మాస్టారు | 9:48
ప్లీడరుగారు చదివింది పుస్తకం. నేను చూసింది పిల్లల్ని. ఆ ఫొటో కుర్రాడు బుద్ధిమంతుడిలా రాశాడు, సంతోషం. కానీ రెండు గంటల ఉపన్యాసంతో మగపిల్లల బుద్ధి మారిపోతుందని నేను నమ్మను. సంక్రాంతి కోడిపందేల బరుల దగ్గర తాగి నిలబడేవాడికి ఏ సదస్సు చెబుతావు? ఆడపిల్ల జాగ్రత్తే ఆడపిల్లకి రక్ష. ముల్లు వచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకు వెళ్ళి ముల్లు మీద పడ్డా చిరిగేది అరిటాకే. కోనసీమలో పుట్టినవాళ్ళకి ఇది నేను చెప్పాలా? అందుకే విడిగా సదస్సు, అందుకే బస్సులు ముందు పంపడం.

లంక_మల్లె | 10:02
మాస్టారూ, ఆ సామెత ఇంకోసారి ఇక్కడ రాయకండి.

విశ్రాంత_మాస్టారు | 10:04
సామెతలో తప్పేముందమ్మా? మన పెద్దలు అన్నదే.

లంక_మల్లె | 10:29
చెబుతాను. 2014లో నేను డిగ్రీ రెండో ఏడు, మా లంక నుంచి పంటు (పెద్ద పడవ) మీద ఏరు దాటి వెళ్ళేదాన్ని. ప్రాక్టికల్స్‌లో ఒక ల్యాబ్ అటెండరు బ్యూరెట్ పట్టుకోవడం చూపిస్తానని వెనకనుంచి చేతులు వేసేవాడు. ముందు పొరపాటనుకున్నాను. నాలుగోసారికి బ్యూరెట్ వదిలేశాను, కిందపడి పగిలింది. దాని ఖరీదు నా దగ్గర కట్టించుకున్నారు. ఆ రశీదు ఇంకా ఉంది నా దగ్గర.

రాసిచ్చాను. గదిలో ఐదుగురు కూర్చున్నారు. అందులో ఒక పెద్ద మాస్టారు మీరు చెప్పిన సామెతే చెప్పారు, అక్షరం తేడా లేదు. అతనితో ఒక క్షమాపణ కాగితం రాయించారు, నాతో "ఇక ఏ ఫిర్యాదూ లేదు" అని ఒక కాగితం. నన్ను అడగకుండా మా నాన్నకి ఫోన్ చేశారు. నాకప్పటికి పంతొమ్మిదేళ్ళు. నాన్న మర్నాడే వచ్చి టీసీ తీసుకున్నారు. ఆయన్ని నేను తప్పు పట్టను, అరిటాకు సామెత ఆయనకీ చెప్పారు కదా.

తర్వాత నర్సింగ్ చదువుకున్నాను, ఇప్పుడు కాకినాడలో పని. క్యాజువాలిటీకి ఇలాంటి పిల్లలు వస్తారు. చాలామంది స్నానం చేసి, బట్టలు ఉతికేసి, రెండో రోజో మూడో రోజో వస్తారు. స్నానం చేయకుండా, బట్టలు మార్చినా వాటిని పాలిథిన్‌లో కాకుండా కాగితం కవర్లో పెట్టుకుని రమ్మని ఏ సదస్సులోనూ చెప్పరు. ఎఫ్ఐఆర్ లేకపోయినా ఆస్పత్రి ఉచితంగా చూడాలి, అది చట్టం. గర్భం రాకుండా మాత్ర, హెచ్ఐవీ మందు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది. పరీక్షకి ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆ పిల్ల ఇష్టం. ఆ పిల్లకి ముందే లైంగిక అనుభవం ఉందా అని చూసే రెండు వేళ్ళ పరీక్ష చేయకూడదని 2022లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. శక్తి యాప్ వేసుకోండి, మంచిదే. కానీ యాప్ నొక్కే టైములోనే జరగదు కదా అన్నీ. నాకు జరిగింది పట్టపగలు, యాభైమంది ఉన్న ల్యాబులో.

నిజం_నిష్ఠూరం | 10:33
క్షమించండి అక్కా. మా తమ్ముడి సంగతి వేరు.

లంక_మల్లె | 10:35
వేరే. వాడికి జరిగింది కూడా తప్పే. నేను దాంతో గొడవ పడటంలేదు.

విశ్రాంత_మాస్టారు | 10:58
తల్లీ, నీకు జరిగింది అన్యాయం. అయితే నేను కూడా దాచుకోను. నేనూ అలాంటి గదిలో కూర్చున్నవాడినే. హెచ్‌ఓడీ హోదాలో. నాలుగు వ్యవహారాలు రాజీ చేశాను. అందులో ముగ్గురు అమ్మాయిలు డిగ్రీ పూర్తి చేశారు, ఒకరు ఇప్పుడు బ్యాంకులో ఆఫీసరు, శుభలేఖ ఇచ్చి వెళ్ళింది. పోలీసులదాకా వెళ్ళింది ఒక్కర్తే, అది మాత్రం చదువు మానేసింది. పేపర్లో పేరు రాకపోయినా ఊళ్ళో అందరికీ తెలిసింది. చెప్పండి, నేను చేసింది తప్పా? కంప్లయింట్ రాయమని చెప్పడం సులువు. తర్వాత ఆ పిల్ల ఊళ్ళో నడవాలి. నేను ఆ పిల్ల చదువు చూశాను.

హాస్టల్_గది_14 | 11:02
సార్, మరి ఆ నలుగురు మగవాళ్ళు? వాళ్ళ చదువూ, ఉద్యోగం?

విశ్రాంత_మాస్టారు | 11:06
ఇద్దరు బదిలీ. ఒకతను విద్యార్థే, పరీక్షలు రాశాడు. నాలుగో అతను అక్కడే రిటైరయ్యాడు.

తణుకు_ప్లీడరు | 11:15
మాస్టారూ, గౌరవంతోనే చెబుతున్నాను. రాజీ అన్నది ఫిర్యాదు చేసినావిడ తనంతట తాను కోరితేనే చేయాలి, డబ్బుతో చేయకూడదు. కమిటీ వాళ్ళకి మంచిదనిపించి చేసేది కాదు.

విశ్రాంత_మాస్టారు | 11:17
ఆ నలుగురు అమ్మాయిలూ ఒప్పుకున్నారు.

లంక_మల్లె | 11:19
నేనూ ఒప్పుకున్నానండి. సంతకం చేశాను కదా.

వంతెన_రాజు | 11:24
ఇంతకీ అబ్బాయిల్ని కూర్చోబెట్టాలా వద్దా? అసలు ప్రశ్న అదికదా.

గాలివాన | 11:25
అసలు ప్రశ్న అది కాదని ఇప్పుడే తేలిందండి. కంప్లయింట్ ఇస్తే ఏమవుతుందో చెప్పకుండా ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టినా ఒకటే, విడిగా కూర్చోబెట్టినా ఒకటే.

కాలవగట్టు | 11:52
ఇదంతా చదివి మా అమ్మాయిని లేపాను. మీ కమిటీలో ఎవరున్నారే అని అడిగాను. తెలీదంది. ఏదైనా జరిగితే ఎవరికి చెబుతావంటే, ఎవరికీ చెప్పను, చెబితే నువ్వు మానిపించేస్తావు అంది. ఎందుకలా అన్నావని అడుగుతూ కూర్చున్నాను.

ఇది రెండేళ్ళుగా బస్సులో డ్రైవరు వెనక సీట్లోనే కూర్చుంటుంది. ఆ సీటు కోసం పొద్దున్నే ముందు స్టాపుకి నడిచి వెళ్తుంది. వాంతులొస్తాయని చెప్పేది, నేను రోజూ నిమ్మకాయ ఇచ్చి పంపేదాన్ని. వాంతులు కాదుట.

వంతెన_రాజు | 11:54
ఏ రూటండి?

కాలవగట్టు | 11:55
ఇక్కడ రాయను బాబూ.

తణుకు_ప్లీడరు | 11:58
అమ్మా, ఒక్క మాట. కాలేజీ ఏర్పాటు చేసిన బస్సు కూడా ఆ నిబంధనల ప్రకారం క్యాంపస్ కిందే లెక్క. బయట జరిగింది మాకు సంబంధం లేదని వాళ్ళు అనలేరు. మహిళా హెల్ప్‌లైన్ 181కి కూడా మాట్లాడొచ్చు.

విశ్రాంత_మాస్టారు | 12:03
ముందు పాపకి బస్సు మార్పించండి. నేను కావాలంటే ప్రిన్సిపాల్‌తో మాట్లాడతాను, గొడవ లేకుండా.

లంక_మల్లె | 12:04
మాస్టారూ! పాపని అడక్కుండా ఎవరితోనూ మాట్లాడకండి. దయచేసి.

కాలవగట్టు | 12:20
మాట్లాడొద్దండీ ఎవరూ. ఇంకా ఏమీ చెప్పలేదు అది, గోడవైపు తిరిగి పడుకుంది. మానిపించనని చెప్పాను. నమ్మలేదు. రేపు శనివారం, కాలేజీ లేదు. మళ్ళీ కూర్చుంటాను.