పాటియా, పాడియా? ఒక వేమన పాదం, 2008 ఓట్ల లెక్క

ప్లేనో వాసి:
నాలుగు రోజులుగా ఒక పాదం వదలడం లేదు. "పదుగురాడు మాట పా..." దగ్గర ఆగిపోతున్నాను. పాటియై ధర జెల్లునా, పాడియై ధర జెల్లునా? అమెరికా అధ్యక్ష పదవికి డెమోక్రాట్ల అభ్యర్థి ఎవరన్న ఒబామా, హిల్లరీల 2008 నామినేషన్ పోరులో ఓట్లు ఎలా కూడాలన్న దాని మీద మా తెలుగు సంఘం పత్రికకి వ్యాసం రాస్తున్నాను. మొదట్లోనే ఈ పాదం పెట్టాలని. అలాగే "పాపులర్ ఓటు"కి, అంటే ప్రతినిధుల లెక్క కాకుండా జనం వేసిన ఓట్ల మొత్తానికి, ఒక మాట చెప్పండి. "ప్రజాదరణ ఓటు" నాకు మింగుడుపడటం లేదు.

కాకినాడ మాస్టారు:
పాటియే. మా నాన్నగారు అలాగే చదివేవారు.

ఓరుగల్లు:
మాస్టారూ, మా వైపు పాడి అనే విన్నాను. ఛందస్సు కూడా మీ వైపు లేదు. పాటియై అన్నా పాడియై అన్నా రగణమే. యతి "ప"కీ "పా"కీ, అదీ రెండిటికీ సరిపోతుంది. ఆటవెలదికి ప్రాస నియమం లేదు.

కాకినాడ మాస్టారు:
ఛందస్సు తేల్చనప్పుడు అర్థం తేల్చాలి బాబూ. పాడి అంటే న్యాయం. పదిమంది అన్నంత మాత్రాన అది న్యాయమైపోతుందని వేమన అంటాడా? లోకంలో చెల్లుతుంది అన్నాడు, అంతే. పాటి అంటే విలువ, కొలత. ఏపాటి, ఆపాటి అంటాం కదా.

ప్లేనో వాసి:
కొలత! నాకు కావలసింది అదే మాస్టారూ. ఆ ఏడాది మార్చి 4న ఇక్కడ టెక్సాస్‌లో పొద్దున ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచే ఎన్నికలో, ఓటేశాను. రాత్రి పోలింగ్ అయ్యాక అదే స్కూలు క్యాంటీన్‌లో కాకస్. అంటే పార్టీవాళ్లు ఒకచోట కూడి ఎవరు ఎవరి వైపో తేల్చే సమావేశం. ఓటేసినవాళ్లే రావాలి. పిల్లలు కూర్చునే పొట్టి బల్లల మీద కాగితాలు పెట్టి, పేరూ, ఎవరి వైపో రాసి సంతకం చేయమన్నారు. మా పక్కింటి నర్సు పొద్దున ఓటేసింది, రాత్రి డ్యూటీ ఉండి రాలేకపోయింది. ప్రైమరీలో హిల్లరీకి 51 శాతం, ఒబామాకి 47. కాకస్ కలిపేసరికి, అభ్యర్థిని ఖాయం చేసే పార్టీ మహాసభకి వెళ్లే ప్రతినిధులు ఒబామాకి 99, హిల్లరీకి 94. ఒకే ఊరు, ఒకే రోజు, రెండు పాటిలు.

సియాటిల్ పాఠకురాలు:
మా వాషింగ్టన్ ఇంకా విచిత్రం. ఫిబ్రవరి 9న కాకస్‌లో ప్రతినిధుల్లో 68 శాతం ఒబామావైపు. పది రోజులకి ప్రైమరీ, దాదాపు 6.9 లక్షల ఓట్లు, ఒబామాకి 51, హిల్లరీకి 46. కానీ డెమోక్రాట్లు ఆ ప్రైమరీని ప్రతినిధుల ఎంపికకి లెక్కలోకి తీసుకోలేదు. అయోవా, నెవాడా, మెయిన్, మా రాష్ట్రం, నాలుగిట్లోనూ ఎవరికి ఎంతమంది నిలబడ్డారో తలల లెక్క బయటపెట్టలేదు. అందుకే మొత్తం కూడినవాళ్లు ఆ నాలుగిటికి అంచనా వేసి ఒక వరుస, వేయకుండా ఒక వరుస ఇచ్చారు.

హైదరాబాద్ డెస్క్:
"పాపులర్ ఓటు"కి మేం పత్రికలో "పోలైన ఓట్లు" అని రాస్తాం. ఇప్పుడు ఆలోచిస్తే అయోవా లాంటి చోట కాకస్‌లో పోలైనవే లేవు, లేచి ఒక మూలకి వెళ్లి నిలబడటమే. అన్నట్టు, ఎమర్జెన్సీ రోజుల్లో మన దేశంలో "కాకస్" అంటే ఢిల్లీలో నాయకుడి చుట్టూ చేరిన కోటరీ. అమెరికా అర్థంలో వాడితే పాఠకుడికి ఆ వాసన తగులుతుంది. బోస్టన్ వాళ్ల "కాకస్ క్లబ్" గురించి జాన్ ఆడమ్స్ 1763లోనే డైరీలో రాసుకున్నాడు. అదీ కొద్దిమంది కూడి ముందే నిర్ణయించుకునే చోటే!

గోదావరి గట్టు:
పాటి మీద ఇంకో మాట. మా ఊళ్లో పాటిదిబ్బ ఉంది, పాత ఊరు పాడుపడిన చోటు. ఆ పాటిమన్ను పొలాలకి తోలుకునేవాళ్లు. పదుగురు కాపురమున్న చోటే పాటి. వేమన మనసులో ఇది లేదని ఎలా అంటాం?

కాకినాడ మాస్టారు:
అది వేరే పాటి. కలపకండి.

ఓరుగల్లు:
బ్రౌన్ దొర 1829లో అచ్చు వేసేదాకా ఈ పద్యాలు తాళపత్రాల్లో, నోళ్లలో తిరిగాయి. ఒక అక్షరం జారడానికి అంతకన్నా ఏం కావాలి? నన్ను అడిగితే అసలు ప్రాణం మూడో పాదంలో ఉంది. "ఊరకుండువాని కూరెల్ల నోపదు". నోరెత్తనివాణ్ణి ఊరంతా కలిసినా ఏమీ చేయలేదు. వేమన తప్ప ఇంకెవరంటారు ఈ మాట!

ప్లేనో వాసి:
ఇది మిషిగన్ కథే. అక్కడ బ్యాలెట్‌పై ఒబామా పేరే లేదు. హిల్లరీకి 55 శాతం, "ఎవరికీ కట్టుబడలేదు" అన్న గడికి 40. ఆ 40ని ఒబామాకి సున్నా చేస్తే దేశం మొత్తం మీద హిల్లరీ ముందుంటుంది. ఆ నాలుగు కాకస్ రాష్ట్రాల అంచనా ఉన్న వరుసలో అతనికి కలిపితే అతను ముందుంటాడు.

కాకినాడ మాస్టారు:
"ఓపదు" అంటే గెలవలేదనా, భరించలేదనా? నాకు భరించలేదనే అనిపిస్తుంది. ఊరకుండేవాడు ఊరికి భారం.

ఓరుగల్లు:
కాదు మాస్టారూ, అది మెచ్చుకోలు. ఆదివారం ఊరికి పోతున్నాను. అక్కడ శతకాలు పాడే పెద్దాయన ఉన్నారు. పాటియో పాడియో ఆయన గొంతుతో రికార్డు చేసి పెడతాను.

ప్లేనో వాసి:
వ్యాసం శనివారానికే పంపాలి. పాటి అనే పెడుతున్నాను. "పాపులర్ ఓటు"కి సరిపోయే మాట మాత్రం ఇంకా ఎవరూ ఇవ్వలేదు.