చిన్న సంఘాలు కలిసి నడిస్తే పని పెరుగుతుందా?

ప్రశ్న (నారాయణపేట నుంచి)
మా ప్రాంతంలో చేనేత సంఘం, కుట్టుపని చేసే మహిళా సంఘం వేర్వేరుగా నడుస్తున్నాయి. పెద్ద ఆర్డరు వస్తే ఒక్కరివల్ల కాక వదులుకుంటున్నాం. ఎవరి సంఘం వారికి ఉంటూనే, ఏడాది పొడవునా పని దొరికేలా చట్టబద్ధంగా కలిసే మార్గం ఉందా?

జవాబు (నల్లగొండ నుంచి)
ఉందండి. ఉత్పత్తిదారుల కంపెనీని, అంటే ఉత్పత్తి చేసేవారే సభ్యులుగా ఉండే కంపెనీని, పదిమంది ఉత్పత్తిదారులే కాదు, రెండు ఉత్పత్తిదారుల సంస్థలు కలిసి కూడా కంపెనీల చట్టం కింద నమోదు చేసుకోవచ్చు. అయితే నమోదుకు ముందే ఒక ఆర్డరును కలిసి పూర్తిచేసి చూడండి. డబ్బు పంపకంలో వచ్చే తేడాలు అక్కడే బయటపడతాయి.

జవాబు (పుట్టపాక నుంచి)
మా తేలియా రుమాలుకు (నూనెలో నానబెట్టిన నూలుతో నేసే బట్ట) 2020లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, మీ నారాయణపేట చీరలకు అంతకు ముందే ఉంది. గుర్తింపు ఒక్కటే పని పుట్టించదండి. మా దగ్గర ఒక్క చీర వెనుక ఆసు పోసేవారు (నూలును మేకుల చుట్టూ తిప్పి పేర్చేవారు), చిటికి కట్టేవారు (రంగు అంటకుండా నూలుకు ముడులు వేసేవారు), రంగులద్దేవారు, కండెలు (నాడెలో పెట్టే నూలు చుట్టలు) చుట్టేవారు ఉంటారు. మగ్గం మీద కూర్చున్నవారికే కూలి కడితే ఇంట్లో ఆడవాళ్ల కష్టం లెక్కలోకే రాదు. అందుకే కలిసేటప్పుడు ప్రతి పనికీ కూలి విడిగా రాసుకోండి.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలండి. నూలుకు పెట్టుబడి ముందుగా ఎవరు పెట్టాలి?

జవాబు (నల్లగొండ నుంచి)
కొనేవారి నుంచి నూలు ఖర్చుకు సరిపడా బయానా తీసుకోండి, మిగతాది సంఘాలు తమ వాటా మేరకు వేసుకోవాలి.