పుర్బచరక రచనలు: ఏది ముందు చదవాలి, ఎలా వెతకాలి?

ప్రశ్న:
జావా పండితుడు పుర్బచరక (1884–1964) మీద వ్యాసం రాయాలి. సురకర్తలో పుట్టారనీ, అగస్త్యుడి మీద పరిశోధనకు 1926లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో డాక్టరేట్ వచ్చిందనీ తెలుసు. కానీ పేరు ఒక్కో కేటలాగులో ఒక్కోలా ఉంది. పాత జావా కావ్యాల కాలాన్ని ఆయన దేన్నిబట్టి తేల్చారు? డచ్చి రానివాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1:
ముందు స్పెల్లింగ్ సంగతి. డచ్చి కాలపు పద్ధతిలో 'ఉ' కోసం ఓ, ఈ అనే రెండు రోమన్ అక్షరాలూ, 'చ' కోసం టీ, జే అక్షరాలూ వాడేవారు. 1947లో మొదటిది యూగా మారింది. 1972లో రెండోది సీగా మారింది. కాబట్టి మూడు రూపాల్లోనూ వెతకండి. ఒక్క కొత్త స్పెల్లింగ్‌తో వెతికితే రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అచ్చయినవి చాలావరకు తప్పిపోతాయి.

జవాబు 2:
'కపుస్తకన్ జావి'తో (1952) మొదలుపెట్టండి. మూలం జావా భాషలో ఉంది, ఇండోనేషియా అనువాదమూ వచ్చింది. కావ్యాలను భాష పాతదనాన్నిబట్టి వరసపెట్టి పరిచయం చేస్తుంది.

కాలనిర్ణయంలో ఆయన పట్టు ముఖ్యంగా భాష మీదే. కాకవిన్ (సంస్కృత వృత్తాల్లో రాసిన పాత జావా కావ్యం) రామాయణాన్ని రాజు బలితుంగ్ కాలానికి (898–910) చేర్చడానికి అందులోని ప్రాచీన భాషతోపాటు ఆలయ వర్ణన కూడా ఆధారమైంది. ఇది ఆయన చేసిన పనుల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది.

ఛందస్సు దగ్గర తెలుగువాళ్లకు సగం దారి తెలిసిందే. ఎంపు కణ్వ 11వ శతాబ్దంలో, ఐర్లంగ్గ రాజు కాలంలో రాసిన 'అర్జునవివాహ' మొదటి పద్యం శార్దూలవిక్రీడితమే: మ స జ స త త గ, పాదానికి 19 అక్షరాలు. యతిప్రాసలు మాత్రం ఉండవు. తర్వాతి కాలపు మచపత్ పద్యాల్లో గురులఘువుల లెక్క లేదు. ప్రతి పాదానికీ అక్షరాల సంఖ్యా, చివరి అచ్చూ నియమం. ఈ రెండు రకాలనూ కలిపేస్తే కాలం శతాబ్దాల మేర తప్పుతుంది.

ఇంకో జాగ్రత్త: జావా పలుకుబడిలో అచ్చుల దీర్ఘభేదం నిలవలేదు. అందువల్ల లేఖకులు దీర్ఘాలు వదిలేస్తారు, అనవసరంగా పెడతారు. గణం చెడితే కవిని తప్పుపట్టే ముందు వేరే ప్రతులు చూడాలి.

జవాబు 3:
అగస్త్యుడి మీద ఆయన రాసిన గ్రంథం డచ్చిలో ఉంది. అందులోకి దిగే ముందు రెండు శాసనాలు చూసుకుంటే మేలు. తూర్పు జావాలోని మలంగ్ దగ్గరి దినోయో శాసనంలో (760) గజయాన రాజు పాత కొయ్య విగ్రహం స్థానంలో నల్లరాతి అగస్త్య విగ్రహాన్ని నిలిపాడు. మధ్య జావాలోని చంగల్ శాసనం సంజయ రాజుది. దాని సంవత్సరం మాటల్లో ఉంటుంది: శ్రుతి 4, ఇంద్రియ 5, రస 6. మన పద్ధతిలాగే కుడి నుంచి ఎడమకు చదివితే శక 654, దానికి 78 కలిపితే 732. ఎడమ నుంచి 456 అని చదివితే రెండు వందల ఏళ్లు వెనక్కి పోతారు.

శిల్పాల్లో అగస్త్యుణ్ని గుర్తుపట్టడానికి గడ్డం, బొజ్జ, కమండలం, త్రిశూలం చూడండి. ప్రంబనన్ శివాలయంలో ఆ విగ్రహం దక్షిణపు గదిలో ఉంటుంది.