ఫైబర్ బోటు అడుగున ఒకటే మోత, ఎక్స్‌పాండింగ్ ఫోమ్ పోస్తే తగ్గుతుందా?

డాలస్ బోటోడు:
అందరికీ నమస్కారం. ఇక్కడ లేక్ లూయిస్‌విల్‌లో తిప్పుకుందామని పాత బోటు ఒకటి కొన్నాను. 18 అడుగుల ఫైబర్‌గ్లాస్, ముందు ఇద్దరు పట్టే చిన్న క్యాబిన్, వెనక అవుట్‌బోర్డ్ మోటారు. నడిచేటప్పుడు ఇంజను గోల ఎలాగూ ఉంటుంది, దాంతో నాకు పేచీ లేదు. లంగరేసి ఆపాకే అసలు తంటా. చిన్న చిన్న అలలొచ్చి ముందుభాగం కింద తగులుతుంటే లోపల ఖాళీ డ్రమ్ములో పడుకున్నట్టుంది. పిల్లలకి నిద్ర లేదు, ఇదిలాగే ఉంటే ఇంకోసారి రాత్రి బోటులో ఉండే ప్రసక్తే లేదని మా ఆవిడ తేల్చి చెప్పేసింది.

క్యాబిన్ నేలకీ కింద హల్‌కీ (నీళ్లకి తగిలే బయటి పెంకు) మధ్య ఖాళీ ఉంది, పిడికిలితో కొడితే బోలుగా మోగుతోంది. నేలకి కన్నాలు పెట్టి, రెండు డబ్బాలు కలిపి పోసే ఫోమ్ ఉంటుంది కదా, దాంతో నింపేద్దామని ప్లాను. కిటికీల సందుల్లో కొట్టే స్ప్రే డబ్బాలు చవక, అవైనా సరిపోతాయా? ఎవరైనా చేసినవాళ్లుంటే చెప్పండి.

ఆస్టిన్ శీను:
పోసెయ్ బ్రో, ఆలోచనెందుకు. బోస్టన్ వేలర్ వాళ్లు 1958 నుంచి రెండు పెంకుల మధ్య ఫోమ్ నింపే అమ్ముతున్నారు. 1961లో ఆ బోటుని రంపంతో మధ్యకి కోసి, మునగదని లైఫ్ పత్రికలో చూపించారు కూడా. మోత తగ్గకపోయినా తేలడానికి పనికొస్తుంది.

కాకినాడ ఫైబర్:
ఆగండి ఆగండి. మాది కాకినాడ, ఫైబర్ బోట్లు, చేపల ఐస్ బాక్సులు చేస్తాం. పఫ్, అంటే మీరు అడిగే ఈ ఫోమే, పోయడం మాకు రోజూ ఉండే పనేనండి. వేలర్ సంగతి వేరు. అక్కడ రెండు పెంకులూ మోల్డులో ఉండగానే మధ్యలో ఫోమ్ పోసి బోటంతా ఒకే ముక్కగా తీస్తారు. మీది ఏళ్ల తరబడి నీళ్లలో తిరిగిన బోటు, ఆ నేల కింద ఏముందో ముందు చూడాలి కదా.

స్ప్రే డబ్బా మాట మర్చిపోండి. అది గాలిలో తేమ పీల్చుకుని గట్టిపడే సరుకు. మూసేసిన చోట లావుగా కొడితే పైన పొర కట్టి లోపల బంకబంకగా అలాగే ఉండిపోతుంది. పైగా నీళ్లలో నానుతూ ఉండటానికి చేసినది కాదు.

రెండు డబ్బాలదైతే బోట్లకి వాడేది ఘనపు అడుగుకి 2 పౌండ్ల సాంద్రతది. అంటే ఒక ఘనపు అడుగు ఖాళీకి కిలో లోపు ద్రవం చాలు, అది పాతిక ముప్పై రెట్లు పొంగుతుంది. సమానంగా కలిపాక అర నిమిషం, ముప్పావు నిమిషంలో పొంగు మొదలవుతుంది కాబట్టి కలపడం, పోయడం ఊపిరి తీసుకోనివ్వదు. చలిలో పోస్తే సరిగ్గా పొంగదు, 25 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది. కలిసినప్పుడు వేడి పుడుతుంది. ఒకేసారి ఎక్కువ పోస్తే ఆ వేడి బయటికి పోలేక లోపల మాడుతుంది, మంట కూడా రావచ్చు. కొంచెం పోయాలి, చల్లారనివ్వాలి, మళ్లీ పోయాలి. పైకి పొంగడానికి దారి వదలకపోతే నేలనే ఎత్తేస్తుంది. ఐస్ బాక్సులకి బిగింపులు వదులుగా పెడితే గోడ పొట్ట తీసుకుని బయటికి ఉబ్బడం మా షెడ్డులో మామూలే. ఆ ఆవిరి పీల్చకూడదు, ఐసోసయనేట్ ఉంటుంది. మామూలు గుడ్డ మాస్కు ఆగదు, కార్ట్రిడ్జి ఉన్న మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి.

ఇంకోటి, ఖర్చు తగ్గుతుందని థర్మోకోల్ ముక్కలు దూర్చి పైన రెసిన్ వేసేరు! పాలియెస్టర్ రెసిన్‌లో ఉండే స్టైరీన్ తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది.

హ్యూస్టన్ మెకానికల్:
ఎలా పోయాలో పైన అన్న చెప్పేశారు, అసలు పోయాలా అన్నది నేను చెప్తా. ఈ ఫోమ్ శబ్దాన్ని మింగదు. సోఫా స్పాంజిలో గాలి అటూ ఇటూ ఆడుతుంది కాబట్టి అది కొంత మింగుతుంది. ఇది లోపలి చిన్న చిన్న గదులన్నీ మూసుకుపోయి ఉండే ఫోమ్, గాలి లోపలికే పోదు. అడ్డుకుంటుందా అంటే దానికి బరువు కావాలి. గోడ బరువు రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి, ఈ ఫోమేమో తేలిక. అందుకే ఇంజను మోతకి ఇది దండగ.

మీ సమస్య మాత్రం వేరు. అల తగిలినప్పుడు పల్చటి హల్ పలక అదురుతుంది, దాని పైన ఉన్న ఖాళీ ఆ మోతని పెంచుతుంది. ఖాళీ నింపి పలకని బిగిస్తే "ధన్" అనేది "దబ్" అవుతుంది. ఆ తేడా మనిషికి తెలుస్తుంది, కానీ దెబ్బ ఆగదు. అదీగాక హల్‌నీ నేలనీ అతికించేస్తున్నారు కాబట్టి కొంత అదురు తిన్నగా మీ పరుపు కిందకే రావచ్చు.

నేనైతే ముందు పరుపుల కింద లాకర్లు తెరిచి, చెయ్యి అందినంత మేర హల్ లోపలి వైపు బ్యూటైల్ షీట్లు అంటిస్తా. కార్ల డోర్లలో వేస్తారే, అవే. పలకంతా కప్పక్కర్లేదు, మధ్యలో వేస్తే చాలు. ముందు అక్కడ ఆయిల్, తేమ లేకుండా తుడవాలి, లేకపోతే ఎండాకాలంలో ఊడొస్తాయి. ఇంకా పైసా ఖర్చు లేనిది ఒకటుంది. రాత్రికి వెనకున్న బరువులు, కూలర్, నీళ్ల క్యాన్లు ముందుకి జరిపి చూడండి. మోగే భాగం నీళ్లలో కాస్త మునిగితే అల కిందకి దూరి కొట్టే సందు తగ్గుతుంది.

డాలస్ బోటోడు:
థాంక్స్ అందరికీ. కాకినాడ అన్న మాట విని నేలకి 6 అంగుళాల ఇన్‌స్పెక్షన్ ప్లేటుకి (తీసి పెట్టుకునే గుండ్రటి మూత) సరిపడా కోసి టార్చి వేసి చూశా. ముందుభాగం ఖాళీ, పొడిగా ఉంది. వెనక్కి వచ్చేకొద్దీ స్ట్రింగర్ల (హల్‌కి బలంగా పొడుగునా వేసే దూలాలు) మధ్య కంపెనీవాళ్లు పోసిన పసుపు ఫోమ్ ముందే ఉంది! పైన పొడి, అడుగు అంచున వేలు గుచ్చితే నీళ్లు ఊరుతున్నాయి. ఆరుతుందా ఇది? దాని మీదే కొత్తది పోస్తే?

కాకినాడ ఫైబర్:
అస్సలు వద్దండి. ఒకసారి నీళ్లు పట్టిన పఫ్ ఆ నేల కింద ఫ్యాను పెట్టినా ఆరదు, నానినంత మేర కోసి తీసెయ్యడమే. ఘనపు అడుగు నీళ్లంటే 28 కిలోలు, అంత బరువు మీరు ఊరికే మోసుకు తిరుగుతున్నట్టు. తడి మీద పోస్తే కొత్త పఫ్ బుడగలు బుడగలుగా వచ్చి పట్టుకోదు. స్ట్రింగర్లు చెక్కవైతే పైనుంచి సన్న డ్రిల్ వేసి పొట్టు చూడండి, నల్లగా తడిగా వస్తే మోత సంగతి తర్వాత, ముందు ఆ పని చూసుకోవాలి.

హ్యూస్టన్ మెకానికల్:
తీసిన ఫోమ్‌ని అలా వదిలెయ్యకండి. అమెరికాలో 20 అడుగుల లోపు ఇలాంటి బోట్లు నీళ్లు నిండినా తేలేలా కోస్ట్ గార్డ్ రూల్ ఉంది, ఆ ఫోమ్ అందుకే పోశారు. తీసినంత మళ్లీ పోయాలి. పోసే ముందు కీల్ (హల్ అడుగున మధ్య గీత) వెంట ఒక పీవీసీ గొట్టం పడుకోబెట్టండి, ముందుభాగంలో చేరిన నీళ్లు బిల్జ్‌కి, అంటే అడుగున నీళ్లు చేరే గుంటకి, రావడానికి దారి ఉండాలి. మీ ఫోమ్ ఇలా నానడానికి ఆ దారి మూసుకుపోవడమే కారణం అయ్యుండొచ్చు.

డాలస్ బోటోడు:
అయితే ముందుభాగంలో ఇప్పటికి ఫోమ్ లేదు, బ్యూటైల్ షీట్లే. వెనక తడిది తీసే పని చలికాలంలో బోటు ఇంటి దగ్గర పెట్టాక. కొత్తది పోయడం ఎండలు వచ్చాకే. ఈలోగా ఈ ప్లేటు బిగించేస్తే చాలు కదా?

కాకినాడ ఫైబర్:
చాలు. కాకపోతే కోసిన చోట ప్లైవుడ్ అంచు బయటపడి ఉంటుంది, దానికి ముందు ఎపాక్సీ పట్టించి, ఆరాక రింగు చుట్టూ మెరైన్ సీలెంట్ వేసి బిగించండి. లేకపోతే ఎక్కి దిగేటప్పుడు కారే నీళ్లన్నీ ఇక అక్కడినుంచే కిందకి దిగుతాయి.